పట్టాల కింద గొంతు

చీకటి పడ్డాక ఆ దారిలో ఒంటరిగా ఎవరూ వెళ్లరు.

అసలు ఎవరూ వెళ్లలేదని కాదు. కానీ ఒకసారి వెళ్లొచ్చినవాళ్లు రెండోసారి వెళ్లలేదట...

ఈ సంగతి నాకు చెప్పింది మా పిన్ని కూతురు. ఇంట్లో అందరం దాన్ని పిచ్చుక అంటాం. చిన్నప్పుడు చూస్తే గుప్పెడంత ఉండేది, గోల మాత్రం ఇల్లెగిరిపోయేలా చేసేది. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో కాలేజీవాళ్లు దాన్ని ఒక సెమిస్టరు చదువుకి వేరే దేశం యూనివర్సిటీకి పంపారు. అక్కడి పిల్లొకతి ఇక్కడికి, ఇక్కడి పిల్లొకతి అక్కడికి — ఇచ్చిపుచ్చుకోవడం అన్నమాట. "ఆర్నెల్లు ఎంతసేపు పిన్నీ, కళ్లు మూసి తెరిచేలోగా వచ్చేస్తుంది" అని పిన్నికి మేమే ధైర్యం చెప్పాం.

వెళ్లేటప్పుడు వాగుతూనే వెళ్లింది. వచ్చాక మాట తగ్గింది. ఎవరేమడిగినా "బాగానే ఉంది" అనేది... అంతే. చివరికి ఒకరోజు, ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు, అడక్కుండానే మొదలుపెట్టింది. అది చెప్పింది చెప్పినట్టు చెప్తున్నాను. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

యూనివర్సిటీకీ వీళ్ల హాస్టలుకీ మధ్య రైలు పట్టాలున్నాయి. ఒకటీ రెండూ కాదు, గూడ్సు బళ్లు నిలబెట్టే పెద్ద యార్డు. దాని మీదుగా వంతెన ఉంది, బస్సు చుట్టూ తిరిగి వస్తుంది. పట్టాల కిందనుంచి మాత్రం నడిచేవాళ్ల కోసం ఒక సొరంగం. తెల్లటి పెంకులు అతికించిన గోడలు, పైన బారుగా లైట్లు. నోరు సన్నం. సరిగ్గా మధ్యలో వంపు. ఈ చివర నిలబడితే ఆ చివర కనపడదు. అక్కడి పిల్లలు దాన్ని వాళ్ల భాషలో ఏదో అనేవారు. ఆ మాటకి అర్థం — గొంతు.

అందులో ఎవరు పోయారో, అసలు ఎవరైనా పోయారో లేదో ఎవరికీ తెలీదు. ఏ ఏడాది వచ్చినవాళ్లు ఆ ఏడాది ఒక కథ అల్లుకుంటారు. ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట.

అది పిలుస్తుంది. ఎవరి భాషలో వాళ్లని... పిలుస్తుంది.

పిచ్చుకకి ఇది చెప్పింది దాని గదిలో ఉండే పొడుగుపిల్ల. ఆ అమ్మాయిదీ వేరే దేశమే, తనూ ఆ సెమిస్టరుకే వచ్చింది. ఇద్దరి ఇంగ్లీషూ కుంటిదే. ఒకరిది కుడికాలు, ఇంకొకరిది ఎడమకాలు... ఒకరినొకరు పట్టుకుని ఎలాగో నడిచేవారు.

"ఈ ఊళ్లో తెలుగొచ్చిన దెయ్యం ఉందా! కనపడితే కాఫీకి పిలుస్తాను" అని నవ్వేసిందట మావాళ్లమ్మాయి.

"నిజం చెప్పనా అక్కా," అంది నాతో. "నవ్వాను గానీ... దెయ్యమైనా ఫర్వాలేదనిపించింది. ఫోన్లో అమ్మ గొంతు తప్ప, ఎదురుగా మనిషి నోట్లోంచి మన మాట విని అప్పటికి మూడు నెలలు. కొట్టుకెళ్తే వేలితో చూపించాలి. క్లాసులో అందరూ నవ్వితే ఒక క్షణం ఆగి నేనూ నవ్వాలి. అక్కడ నేను మూగదాన్నే అనుకో."

ఇక దాని చదువు. సిమెంటు దిమ్మలు పోసి, నీళ్లలో నానబెట్టి, ఏ రోజుకి ఆ రోజు మిషను కింద పెట్టి పగలగొట్టి చూడాలి, ఎంత బరువుకి పగిలిందో. ఒక్కరోజు దాటినా ఆ దిమ్మ ఎందుకూ కొరగాదు. మిషను ఒకటే ఉంది. ముందు అక్కడి పిల్లల వంతు, ఆ తర్వాతే బయటినుంచి వచ్చినవాళ్లది. చలికాలంలో అక్కడ మధ్యాహ్నం కాఫీ తాగి కప్పు కడిగేలోగా చీకటి పడిపోతుంది. అందుకని మావాళ్లమ్మాయి ఎప్పుడూ చీకట్లోనే ఇంటిదారి పట్టేది. బస్సులో, వంతెన మీదుగా.

ఆ రోజు పొద్దున్నుంచీ మంచు ఆగకుండా పడుతోంది.

దిమ్మలు పగలగొట్టి బయటికొచ్చేసరికి బస్టాపులో మనిషన్నవాడు లేడు. బోర్డు మీద ఎర్రక్షరాలు తిరుగుతున్నాయి. చదవడం రాకపోయినా అర్థమైంది, బస్సుల్లేవని. వంతెన దాకా నడిచింది. అక్కడ అడ్డంగా కంచె పెట్టేశారు. పొడుగుపిల్లకి చేద్దామని ఫోను తీస్తే... ఆ చలికి ఫోను ఎప్పుడో చచ్చి ఊరుకుంది.

ఇక మిగిలింది ఒక్కటే దారి.

సొరంగం ముందు ఇనుప గేటు. యూనివర్సిటీ కార్డు పెడితే తెరుచుకుంటుంది. అటు వెళ్లడానికి మాత్రమే. చీకటి పడ్డాక అటునుంచి ఇటు రానివ్వదు. ఆ సంగతి మావాళ్లమ్మాయికి అప్పటికి తెలీదు.

కార్డు పెట్టింది. గేటు తెరుచుకుంది. లోపల అడుగేసింది. వెనక టక్‌మని మూసుకుంది.

ఆ లైట్లు మనిషి కదిలితేనే వెలిగే రకం. నడిచే కొద్దీ ముందువి వెలుగుతాయి, వెనకవి ఆరిపోతాయి. అంటే ఎప్పుడు చూసినా... నువ్వున్నచోట తప్ప ముందూ వెనకా చీకటే.

పిచ్చుక గబగబా నడుస్తోంది. గుర్తున్న దేవుళ్లందర్నీ వరసపెట్టి తలుచుకుంటోంది. గుర్తులేనివాళ్లకీ కలిపి ఒక దణ్ణం పెట్టేసింది. పైకప్పునుంచి కారిన నీళ్లు కింద గాజుపలకలా గడ్డకట్టాయి. గోడ పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ...

వంపు దగ్గరికొచ్చింది.

వంపుకి అవతల — లైటు అప్పటికే వెలిగి ఉంది.

ఆగిపోయింది. ఊపిరి కూడా బిగబట్టింది. అడుగుల చప్పుడు లేదు. ఎవరూ రావడం లేదు. కానీ లైటు వెలుగుతోంది.

అప్పుడు వినపడింది... సన్నగా.

"ఇటు... ఇటు రా..."

తెలుగులో!

"ఏం చేశావే?" అన్నాను.

"ఏం చేస్తాను, పరిగెత్తాను!"

వచ్చిన దారినే పరిగెత్తింది. రెండుసార్లు జారి పడింది. గేటు దగ్గరికెళ్లి కార్డు పెట్టింది. ఎర్రలైటు. మళ్లీ పెట్టింది. మళ్లీ ఎర్రలైటే. గేటు పట్టుకుని ఊపింది, అరిచింది. కమ్మీల అవతల మంచు పడుతూనే ఉంది, తన అడుగుల గుర్తులు కూడా పూడిపోయాయి. వినేవాడు లేడు. చూసేవాడు లేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని మనం ఊరికే అనేస్తాం గానీ, ఆ రెంటి మధ్యా నిలబడినవాళ్లకి తెలుస్తుంది.

గేటు చల్లదనానికి వేళ్లు తిమ్మిరెక్కాయి. అక్కడే ఉంటే తెల్లారేసరికి తనే కొయ్యబారిపోతుంది. ఏడుస్తూ... మళ్లీ లోపలికే నడిచింది.

వంపు. లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

తల మాత్రం కొంచెం ముందుకు పెట్టి చూసింది.

గోడకి చేరబడి ఒకావిడ కూర్చుని ఉంది. ముసలావిడ. చీర మీద మగవాళ్ల స్వెట్టరు. తల ఒక పక్కకి వాలిపోయి ఉంది.

"నేను ముందు పాదాలు చూశానక్కా. ముందుకే ఉన్నాయి. ఒక కాలికి చెప్పుంది, ఇంకో కాలికి తడిసిన మేజోడు. చీలమండ ఇంత లావున వాచిపోయింది. దెయ్యాలకి కాళ్లు బెణకవు కదా... అప్పుడు దగ్గరికెళ్లాను."

ముసలావిడ కళ్లెత్తింది. పెదాలు నీలంగా ఉన్నాయి.

"తెలుగు... పిల్లవా?"

"అవును బామ్మగారూ! మీరిక్కడ... ఎలా వచ్చారు?"

ఆవిడ మాట కూడబలుక్కునేసరికి చాలాసేపు పట్టింది. కూతురికి పురుడైతే సాయానికని వచ్చింది. కూతురూ అల్లుడూ బిడ్డకి సూది వేయించడానికి ఆస్పత్రికెళ్లారు. ఈవిడ చెత్తబుట్ట పారబోద్దామని కిందికి దిగింది. తలుపు దానంతటదే పడిపోయింది. ఎవరినైనా అడుగుదామంటే నోరు లేదు. నడిచింది... నడిచింది... చివరికి అవతలి చివర జారి ఇందులో పడింది.

"ఇల్లెక్కడ బామ్మగారూ?"

"లిఫ్టులో అయిదు నొక్కితే వస్తుందమ్మా."

"ఏ వీధి?"

"అది మా అమ్మాయికి తెలుసు."

"అమ్మాయి నంబరు?"

"ఫోన్లో ఉంది. ఫోను... ఇంట్లో ఉంది."

ఇంకో రోజైతే పిచ్చుక పడీ పడీ నవ్వేది. ఆ రోజు ఏడుపొచ్చింది. ఆ ఊళ్లో తెలుగొచ్చినవాళ్లు ఇద్దరు దొరికారు, ఒకరికి ఒకరు ఎందుకూ పనికిరారు.

చంకలో చెయ్యేసి లేపబోయింది. పిచ్చుక ప్రాణం, ఎంతని లేపుతుంది? ఆవిడ కెవ్వుమని మళ్లీ కూలబడింది. ఆవిణ్ణి అక్కడే వదిలి రెండో చివరికి పరిగెత్తింది. అక్కడ పైకెళ్లే వాలు మొత్తం మంచుగడ్డ. నాలుగడుగులు పాకింది, జర్రున జారి కిందికొచ్చి పడింది. మోకాలు చీరుకుపోయింది. మళ్లీ పాకింది. మళ్లీ జారింది.

ఆ పైన... వాలు అంచున ఒక మనిషి కనిపించాడు. సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు.

"సాయం చేయండి" అని వాళ్ల భాషలో ఎలా అనాలో మొదటి వారం క్లాసులోనే నేర్పారు. ఒక్క మాట. ప్రాణమంతా కూడగట్టుకుని ఆ మాట అరిచింది. నోరు తిరగని మాట, ఏడుపు గొంతు, పైగా సొరంగంలో పడి అది నాలుగు గొంతులై పైకి లేచింది...

ఆ మనిషి సైకిలు అక్కడే పడేశాడు. వెనక్కి తిరిగి ఒకటే పరుగు!

"అప్పుడు తెలిసిందక్కా," అంది పిచ్చుక. "ఆ సొరంగంలో దెయ్యం నేనే."

తిరిగి ముసలావిడ దగ్గరికొచ్చింది. తన కోటు విప్పి ఆవిడకి కప్పింది. పక్కనే కూర్చుని చేతులు రుద్దుతోంది. కదలకపోతే లైటు ఆరిపోతుందని మధ్యమధ్యలో లేచి రెండు చేతులూ పైకెత్తి ఊపుతోంది. ఆవిడ కళ్లు మూతలు పడుతున్నాయి. చలిలో నిద్రపోతే మళ్లీ లేవరని ఎక్కడో విన్న గుర్తు.

"బామ్మగారూ, పడుకోకండి. ఏదైనా చెప్పండి. మనవడా, మనవరాలా?"

"మనవరాలు... నా ముక్కే వచ్చింది, పాపం."

"ముక్కుకేమైంది, బాగానే ఉందిగా! ఏం పేరు పెట్టారు?"

"వాళ్లు ఇంకా కొట్టుకుంటున్నారు... పేరు కోసం..."

"మీరేం పెట్టమన్నారు?"

ఆవిడ తల మళ్లీ పక్కకి వాలిపోయింది.

"బామ్మగారూ!"

"ఊఁ..."

ఆ తర్వాత ఊఁ అనడం కూడా ఆగిపోయింది. పిచ్చుక ఆవిడ చెంపలు తట్టింది. అమ్మా అంది, నాన్నా అంది, ఎవర్ని పిలుస్తోందో తనకే తెలీదు. లేచి చేతులూపే ఓపిక కూడా పోయింది. ఆవిణ్ణి కావలించుకుని అలా కూర్చుండిపోయింది. ఇంక దాని చేతిలో చేయడానికి ఏమీ లేదు. ఆరితే ఆరింది వెధవ లైటు అనుకుంది.

లైటు ఆరలేదు.

ఎంతసేపో తెలీదు. దూరంగా పాట వినపడింది. గొంతు చించుకుని, భయంతో వణుకుతూ పాడుతున్న పాట. ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ ఆ అపస్వరం ఎవరిదో తెలుసు. పొడుగుపిల్ల!

సైకిలు వదిలేసి పారిపోయినవాడు వీళ్ల హాస్టలు ముందుకే వెళ్లి పడ్డాడట. "గొంతు ఏడుస్తోంది, ఆడగొంతు" అని రొప్పుతూ చెప్తుంటే అందరూ తలుపులేసుకున్నారు. పొడుగుపిల్ల మాత్రం గదిలోకి చూసింది. నా చెల్లెలి మంచం ఖాళీగా ఉంది. దుప్పటి ఒకటి మెళ్లో వేసుకుని, కూర్చునే వాలు దిగింది. పిరికిది, చీకటంటే చచ్చే భయం. అందుకే ఆ పాట.

మిగతాది గబగబా జరిగిపోయింది. అంబులెన్సు, మోత మంచం, ఆస్పత్రి. కూతురు బిడ్డని చంకనేసుకుని ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. "పోలీసులు రెండో వైపంతా వెతుకుతున్నారమ్మా, ఇంత దూరం నడిచిందని ఎవరనుకుంటారు!" అంటూ పిచ్చుకని పట్టుకుని వదల్లేదు. ముసలావిడకి రెండు కాలివేళ్లు తీసేశారు. ప్రాణం దక్కింది.

హాస్టల్లో ఆ వారమంతా ఇదే నవ్వు. దెయ్యం తేలిపోయింది... చెత్తబుట్ట పారబోయడానికొచ్చిన బామ్మ! సైకిలతను కూడా వచ్చి, తల గోక్కుంటూ సైకిలు తీసుకెళ్లాడు. పిచ్చుకా నవ్వింది. తర్వాత పగటిపూట రెండుసార్లు ఆ సొరంగంలోంచే నడిచిందట, ఏం భయం లేకుండా.

ఇంటికి బయల్దేరే ముందు ఆస్పత్రికెళ్లింది, బామ్మగారికి చెప్పి వద్దామని.

ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. మనవరాలు ఒళ్లో నిద్రపోతోంది. కూతురు కిటికీ దగ్గర పాలసీసా కడుగుతోంది. పిచ్చుకని చూడగానే ఆవిడ మొహం వెలిగింది. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వు లేకపోతే పోయేదాన్నే తల్లీ. నువ్వూ... ఆ రెండో పిల్లా."

"ఆ పొడుగమ్మాయా? దానికి మీరంటే ఎంత ఇష్టమో! రేపు తనూ వెళ్లిపోతోంది."

"పొడుగమ్మాయి కాదే. చిన్నపిల్ల. నీకంటే ముందొచ్చిందిగా."

పిచ్చుకకి అర్థం కాలేదు. "నాకంటే ముందా?"

"నేను పడిపోయాక నా పక్కనే కూర్చుంది కదా, చెయ్యి పట్టుకుని. ఎంత చల్లటి చెయ్యో! నాకప్పటికి నోరు పెగల్లేదు. నిన్ను పిలిచింది అదే."

కిటికీ దగ్గర నీళ్ల చప్పుడు ఆగింది. "మందుల మత్తమ్మా," అంది కూతురు మెల్లగా. "నాతోనూ ఇదే గొడవ. పట్టించుకోకు."

బామ్మగారు కూతురి మాట వినలేదు. పిచ్చుక చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"పేరడిగాను. చెప్పింది గానీ, నాకు నోరు తిరగలేదు. మాటలు మన మాటలే... పేరు మాత్రం మన పేరు కాదు. నువ్వొచ్చాక కూడా అక్కడే ఉంది, గోడవారగా. నువ్వు పలకరించలేదేమా అనుకున్నాను. చివర్న నన్ను మంచం మీద మోసుకొస్తుంటే... కొంగు పట్టుకుందమ్మా. నన్నూ తీసుకెళ్లరా బామ్మా, అంది. నేను చెప్తూనే ఉన్నాను, ఎవరూ వినిపించుకోలేదు..."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. గొంతు తగ్గించి, ఒళ్లో పాప లేవకుండా, పిచ్చుక చెవి దగ్గరికి వంగింది.

"అంత చలిలో... ఆ పిల్లని అక్కడే వదిలేసి వచ్చేశామా, తల్లీ?"